ఫోన్ ఎత్తని కస్టమర్

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నన్ను ఇంటి చుట్టుపక్కలవాళ్లు సిగ్నల్ సత్తన్న అనేవారు. పెళ్లికి పోయినా, చావుకు పోయినా ఎవరో ఒకరు జేబులోంచి ఫోన్ తీసి, "అన్నా, మా ఇంట్ల నెట్ వస్తలేదు, జెర సూడు" అని చేతిలో పెట్టేవారు. నేను కంపెనీ నడిపినవాణ్ణి కాదు. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా రోడ్డుకు రెండు పక్కలా ఉన్న టవర్లలో ఏది మొరాయించినా పోయి చూసే ఫీల్డ్ సూపర్‌వైజర్ని. అంతకుముందు ల్యాండ్‌లైన్ల కాలంలో గుంతల్లో కూర్చుని కేబుళ్లు అతికించాను. రిటైరయ్యాక కూడా ఆ పేరు పోలేదు. మొన్న కూరగాయలమ్మే ఆమె కొసరుగా కొత్తిమీర వేసి మరీ ఫోన్ చేతికిచ్చింది.

మా మేనకోడలు ఈ ఏడు ఇదే పనిలో చేరింది. "మామా, మొదలు ఏం నేర్చుకోవాలె?" అని అడిగింది. మీటర్లు, సాఫ్ట్‌వేర్లు దానికి నాకంటే బాగా వచ్చు కాబట్టి అవి రాయను. ప్రమోషన్ల సంగతి అసలే రాయను, చెప్పుకునేంతగా రాలేదు కూడా. నరేశ్ అనే కస్టమర్ సంగతి రాస్తాను. నరేశ్‌కు పుట్టినప్పటి నుంచి చెవులు వినపడవు. అతని భార్య స్వప్నకూ అంతే. స్వప్న నిండు నెలలతో పుట్టింట్లో ఉంది, అతను పాశమైలారంలో పని దగ్గర ఉన్నాడు. వాళ్లిద్దరూ చేతి సైగలతో మాట్లాడుకోవడానికి ఉన్న ఒకే ఒక్క దారి వీడియో కాల్. సరిగ్గా కాన్పు దగ్గరపడిన రోజుల్లో అది ఆగిపోయింది. నా ఉద్యోగం మొత్తంలో ఏదైనా ఒక్క కేసు గుర్తుంచుకోవాలంటే అదే గుర్తుంచుకుంటాను.

గీతల సంగతి

ముందు ఒక చిన్న విషయం. ఫోన్ మీద కనపడే గీతలు నిండుగా ఉంటే అంతా బాగున్నట్టే అని జనం నమ్ముతారు. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు కూడా నమ్ముతారు. గీతలు చెప్పేది టవర్ ఫోన్‌కు కనపడుతోందని మాత్రమే. ఆ టవర్ మీ మాట వినే తీరికలో ఉందా లేదా అన్నది గీతలు చెప్పవు.

పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీలు చాలావాటిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు. గేటు దగ్గర సెక్యూరిటీ గదిలో గూళ్లుంటాయి. లోపలికి పోయేముందు ఫోన్ ఆపి గూట్లో పెట్టాలి. షిఫ్టు విడవగానే అందరూ ఒక్కసారే బయటికొచ్చి, ఒక్కసారే ఫోన్లు ఆన్ చేసి, ఒక్కసారే ఇళ్లకు ఫోన్ చేస్తారు. బిహార్‌కు, ఒడిశాకు, నారాయణఖేడ్‌కు, అన్నీ ఆ ఒక్క టవర్ మీదనే పోవాలి. "భయ్యా, టవర్ ఫుల్ హై, బాత్ నహీ హో రహా" అని, గీతలు నిండుగా ఉన్నా మాట పోవడం లేదని నా చొక్కా పట్టుకున్నవాళ్లు ఎందరో. ఫోన్ చెడిపోయిందనుకుని రిపేర్ షాపుకు పోయి, బాగున్న ఫోన్ విప్పించుకున్నవాళ్లూ ఉన్నారు. నేను చెప్పేది ఒకటే, నాలుగడుగులు నడిచి ఆ మూల తిరిగాక చెయ్యి, వేరే టవర్ దొరుకుతుంది అని. ఆ మాట ఒక్కటి చెప్పినందుకు నాకు తాగించిన చాయ్‌లతో ఒక హోటల్ నడపవచ్చు.

మా హద్దు దాటినా అప్పుడప్పుడు పంపే తెల్లాపూర్ వైపు వేరే కథ. అక్కడ అంతస్తుల మీద అంతస్తులు. పైన ఉన్నవాళ్లకు అన్ని టవర్లూ ఒకేసారి కనపడి, ఫోన్ ఏదీ తేల్చుకోలేక తికమక పడుతుంది. వాళ్లు ఇంగ్లీషులో కోప్పడతారు, కింద గేటు దగ్గర కాపలా ఆయన తెలుగులో కోప్పడతాడు. ఎవరు కోప్పడినా నేను మొదట అడిగే ప్రశ్న "ఎన్ని గీతలున్నయ్" అని కాదు. "ఎవరితోని మాట్లాడాలె మీరు?" అని అడుగుతాను. ఇది ఏ ట్రైనింగులోనూ చెప్పరు. కానీ అలా అడిగితే మనిషి కోపం సగం తగ్గుతుంది, అసలు ఇబ్బంది ఎక్కడుందో కూడా అప్పుడే బయటపడుతుంది.

క్లోజ్ అయిన కంప్లెయింట్లు

పటాన్‌చెరులో మా ఆఫీసు ఒక టైర్ల షాపు పైన ఉండేది. ఒకరోజు పొద్దున ఇద్దరు మెట్లెక్కి వచ్చారు. ఇరవై అయిదేళ్లు దాటిన పిల్లవాడు, అతనికి రెండడుగుల వెనక కొంగు భుజాల చుట్టూ కప్పుకున్న ఒక ఆమె. అతను ఏమీ మాట్లాడకుండా తన ఫోన్ నా టేబుల్ మీద పెట్టాడు. ఆమె మాట్లాడింది.

"సారూ, ఈయన మా అల్లుడు నరేశ్. మందుల కంపెనీల ప్యాకింగ్ పని. వినవడదు. నా పేరు యాదమ్మ, మాది పోతిరెడ్డిపల్లి. మా బిడ్డెకు గూడ వినవడదు. దినాలు నిండినయ్, మా ఇంటికాడ ఉన్నది. మునుపు రోజు ఫోన్ల మొఖాలు సూస్కుంట మాట్లాడుకునేటోళ్లు. ఇప్పుడు బొమ్మ వస్తలేదు. ఈయన కంప్లెంటు ఇచ్చిండు. అయిపోయింది, అయిపోయింది అని మెసేజ్ వస్తున్నదంట. ఏం అయిపోయింది సారూ?"

ఫోన్‌లో మా కంపెనీ మెసేజ్‌లు ఒకదాని కింద ఒకటి వరసగా ఉన్నాయి. మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, ధన్యవాదములు. నేను కంప్యూటర్‌లో అతని నంబర్ కొట్టి చూశాను. ప్రతి ఫిర్యాదు పక్కనా ఒకే మాట ఉంది. కస్టమర్ ఫోన్ ఎత్తడం లేదు, అందుకని మూసేశాం.

మా పద్ధతి అది. కంప్లెయింట్ రాగానే కాల్ సెంటర్‌వాళ్లు ఫోన్ చేసి సమస్య ఏమిటో కనుక్కోవాలి. రెండు మూడుసార్లు చేసినా ఎత్తకపోతే కస్టమర్‌కు ఇబ్బంది లేదనే లెక్క. అక్కడి పిల్లలు చెడ్డవాళ్లేం కాదు. రోజంతా హెడ్‌ఫోన్ తగిలించుకుని తిట్లు తింటారు. వాళ్లను చేయమన్న పని వాళ్లు చేశారు. వినపడని మనిషికి పదే పదే ఫోన్ చేసి, ఎత్తలేదని రాశారు. నాకు మొదట నవ్వొచ్చింది. నరేశ్ నా మొహం చూసి తనూ నవ్వబోయాడు, ఏదో మంచిమాట చెబుతున్నాననుకుని. అప్పుడు నాకు సిగ్గేసింది. లేచి వాళ్లిద్దరికీ కుర్చీలు వేశాను.

"మెసేజ్‌లు పెట్టుకుంటే నడవదా అమ్మా కొన్ని రోజులు?" అని అడిగాను. యాదమ్మ ఆ మాటను చేతులతో అల్లుడికి చెప్పింది. అతను ఫోన్ తీసుకుని టైపు చేసి నాకు చూపించాడు. తిన్నావా అని పంపితే తిన్నా అంటది, భయం అవుతుందా అని పంపితే లేదు అంటది, మొఖం చూస్తే తెలుస్తది. అంతే రాశాడు.

వాళ్లిద్దరూ మాట్లాడుకునే తీరు చూస్తూ ఉండిపోయాను. మా వైపు అత్త అల్లుడికి ఎదురుగా కూర్చోదు, మొహం చూసి మాట్లాడదు. ఏదైనా చెప్పాలంటే తలుపు చాటు నుంచో, కూతురి ద్వారానో చెబుతుంది. యాదమ్మ నా చూపు గమనించినట్టుంది. "ఏం జెయ్యాలె సారూ, అల్లుని మొఖం సూసి మాట్లాడుడు మాకు అలవాటు లేదు. గీ అల్లునితోని సూడకుంట మాట్లాడనీకే రాదు. మొదట్ల శానా సిగ్గయ్యేది. ఇప్పుడు వీడే నాకు కొడుకు లెక్క" అంది. ఆ చివరి మాట చేతులతో చెప్పలేదు. నరేశ్ ఆమె పెదాల వైపు చూసి తల వంచుకున్నాడు. అర్థమైందో లేదో తెలియదు.

ఆ మధ్యాహ్నమే పోతిరెడ్డిపల్లి పోయాను. యాదమ్మ వాళ్లది పాత ఊళ్లో ఇరుకు గల్లీ. ఒకప్పుడు కూలికి పోయిన కుటుంబం, ఇప్పుడు ఆమె ఒక ఫ్యాక్టరీలో ఊడ్చే పని చేస్తుంది. ఇంట్లో మామూలు కాల్ బ్రహ్మాండంగా పోతోంది. నెట్ మాత్రం చక్రం తిరుగుతూనే ఉంది. స్వప్న ఎక్కడ అని అడిగితే యాదమ్మ పైకి చూపించింది. మేడ మీదికి మెట్లున్నాయి గాని పట్టుకోవడానికి గోడ లేదు, ఇంకా కట్టలేదు. నిండు కడుపుతో ఆ పిల్ల పైన నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి ఫోన్‌ను అటూ ఇటూ తిప్పుతోంది.

"వద్దంటే ఇంటలేదు సారూ. ఆయన మొఖం సూడనిదే బువ్వ ముట్టది. నేను డ్యూటీకి పోతే ఎక్కుడు, దిగుడు. వెనకనుంచి నేను పిలిస్తే గూడ దానికి వినవడదు గద. కాలు జారితే ఎట్ల?"

నేను ఇంట్లోకి పోయి మంచినీళ్లు తాగాను. మా పనిలో ప్రమాదం అంటే టవర్ ఎక్కేవాడికే అనుకునేవాణ్ణి.

కల్యాణి మేడం

కారణం పట్టుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఊరి చివర టవర్ మీద ఇంటర్నెట్ మోసే యాంటెన్నా ఒకప్పుడు పాత ఊరి వైపు చూసేది. పక్కన కొత్త కాలనీలు లేచాక దాన్ని అటు తిప్పారు. మామూలు కాల్స్ మోసే యాంటెన్నా మాత్రం ఉన్నచోటే ఉంది. అందుకే గల్లీలో కాల్ పోతుంది, వీడియో పోదు. రిపోర్టుల్లో మాత్రం ఊరంతా పచ్చరంగే, అంటే అంతా బాగున్నట్టే.

తిప్పమని నిర్ణయించింది మా ఏరియా మేనేజర్ కల్యాణి మేడం. వయసులో నాకంటే చాలా చిన్నది. కచ్చితమైన మనిషి. ఆఫీసులో ఆమె చెప్పుల చప్పుడు వినపడితే చాయ్ గ్లాసులు దాచేవాళ్లం. నేను పోయి విషయం చెప్పాను.

"సత్తయ్య గారూ, నాకు అర్థమైంది. కానీ అటు పక్క ఎన్ని ఇళ్లున్నాయో మీకు తెలుసు కదా. ఒక్క కస్టమర్ కోసం వెనక్కి తిప్పితే పైనుంచి నన్ను అడుగుతారు. ఆ గల్లీలో సిగ్నల్ ఆగిందని రిపోర్టుల్లో ఎక్కడా లేదు. కాల్స్ పోతున్నాయి."

"పోతున్నయ్ మేడం. కాల్స్ వాళ్లకెందుకు? వాళ్లు వినేటోళ్లు కారు."

నాకు వాదించడం రాదు. పైగా ఆమె చెప్పినదాంట్లో తప్పు కూడా లేదు. "మీరు సంగారెడ్డి పోయేటప్పుడు ఒక్కసారి ఆగి సూడుండ్రి, మీకేమనిపిస్తే అది చేయుండ్రి" అని మాత్రం అన్నాను. కొత్తగా చేరేవాళ్లకు ఇది చెప్పాలి. పైవాళ్లతో ఎదురు మాట్లాడి గెలిచింది నేను ఎప్పుడూ చూడలేదు. వాళ్లను ఆ చోటికి తీసుకుపోయి నిలబెట్టగలిగితే కొంత ఆశ ఉంటుంది. కొందరు రారు. వచ్చినవాళ్లలో కూడా కొందరు కారు అద్దం దించకుండానే చూసి పోతారు.

కల్యాణి మేడం మర్నాడే వచ్చింది. కారు గల్లీ మొదట్లో ఆపి నడుచుకుంటూ వచ్చింది. మెట్లు చూసి ఒక్క క్షణం ఆగి, స్వప్న వెనకాలే పైకెక్కింది. నరేశ్‌కు ఆ వారం మధ్యాహ్నం షిఫ్టు. పొద్దున గదిలోనే ఉన్నాడు. స్వప్న వీడియో కలిపింది. చాలాసేపటికి అతని మొహం వచ్చింది. అతను చెయ్యెత్తి ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. అంతలో బొమ్మ బిగుసుకుపోయింది. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. స్వప్న ఫోన్ కదిలించలేదు. కదిలిస్తే ఆ కాస్తా పోతుందని భయం. ఆ ఆగిపోయిన చేతినే చూస్తూ నిలబడింది.

"ఏమంటున్నాడు?" అని మేడం యాదమ్మను అడిగింది.

"సగమే అన్నడు మేడం. 'నువ్వు' అన్నడు. అటెంక ఏందో రాలే."

కిందికి దిగేటప్పుడు మేడం స్వప్న చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టే దింపింది. కారెక్కబోతూ, "ఎంత తిప్పితే సరిపోతుంది?" అంది.

"వాపస్ మొత్తం వద్దు మేడం. జెరంత ఇటు మళ్లిస్తే సాలు. కాలనీల చివర ఇండ్లకు కొద్దిగ తగ్గుతది."

"తగ్గితే వాళ్లు నాకు ఫోన్ చేస్తారు. చేయనివ్వండి. ఈరోజే టవర్ ఎక్కించండి మనిషిని."

కాలనీవాళ్లు చేశారు కూడా. వాళ్లకోసం చిన్న యాంటెన్నా ఒకటి వచ్చేదాకా వాళ్ల తిట్లు ఆమే పడింది, మా మీదికి రానివ్వలేదు. ఫోన్ ఎత్తనివాళ్లకు మెసేజ్ పంపి, జవాబు వచ్చేదాకా కంప్లెయింట్ మూయకూడదని మా ఏరియా వరకు ఒక పద్ధతి కూడా పెట్టించింది. మిగతా ఏరియాల్లో ఇప్పటికీ పాత పద్ధతే ఉందని విన్నాను. నాకు చాలామంది బాసులు దొరికారు. మంచివాళ్లు ఎక్కువే, కానీ మెట్లెక్కి చూసినవాళ్లు తక్కువ. ఆమె మీద అప్పటిదాకా నాకు భయమే ఉండేది, ఆ రోజు నుంచి అభిమానం పుట్టింది. చాయ్ గ్లాసులు మాత్రం దాస్తూనే ఉన్నాం.

యాంటెన్నా మళ్లించిన సాయంత్రం స్వప్న తన ఇంట్లో, మంచం మీద కూర్చుని నరేశ్‌తో మాట్లాడింది. యాదమ్మ నాకు ఫోన్ చేసి ఆ సంగతి చెప్పింది. "సార్" పోయి "అన్నా" అయింది ఆ రోజే.

రుద్రారం దగ్గర

తర్వాత కొన్నాళ్లకు, మిట్టమధ్యాహ్నం దాటాక, మళ్లీ యాదమ్మ ఫోన్.

"అన్నా, బిడ్డెకు నొప్పులు లేసినయ్. ఆటోల సంగారెడ్డి దవాఖానకు వచ్చినం, జెల్ది కాన్పు అయితదంటున్నరు. అల్లునికి వీడియో చేస్తే కలుస్తలేదు. ఫోన్ గేటు కాడనే ఉంటది గద. నువ్వే పోయి సెప్పాలె. నాకు ఇంకెవరున్నరు?"

నేను ఫ్యాక్టరీకి దగ్గర్లో, ఇస్నాపూర్‌లోనే ఉన్నాను. స్కూటర్ తీసి ఫ్యాక్టరీ గేటుకు పోయాను. సెక్యూరిటీ ఆయన మొదట కుదరదన్నాడు. విషయం చెప్పగానే తనే లోపలికి పరుగెత్తాడు. నరేశ్ తలకు నీలం టోపీతోనే బయటికొచ్చాడు. నాకు వాళ్ల సైగలు రావు. ఎలా చెప్పాలా అని దారంతా ఆలోచించుకుంటూ వచ్చాను. నేను చేతులెత్తకముందే నా మొహం చూసి అతనికి తెలిసిపోయింది. గూట్లోంచి ఫోన్ తీసి ఆన్ చేసుకుని నా వెనక కూర్చున్నాడు. టోపీ తీయడం మరిచిపోయాడు, గుర్తు చేయడం నేనూ మరిచిపోయాను.

హైవే మీద లారీల మధ్య పోతున్నాం. అతను ఒక చేత్తో నా భుజం పట్టుకున్నాడు. ఆ పట్టు అప్పుడప్పుడు బిగిసేది, మళ్లీ వదులయ్యేది. అతని ఆలోచనలు అలా నాకు తెలుస్తూనే ఉన్నాయి. నేను దేవుణ్ణి గట్టిగా నమ్మేవాణ్ణి కాదు. ఆ రోజు మాత్రం దారిలో కనపడ్డ ప్రతి గుడికీ, దర్గాకూ మనసులోనే దండం పెట్టాను.

రుద్రారం దాటుతుండగా అతను నా భుజం మీద గట్టిగా కొట్టాడు. స్కూటర్ పక్కకు తీసి ఒక చాయ్ బండి దగ్గర ఆపాను. ఫోన్ అతని చేతిలో అదురుతోంది. వీడియో కాల్. నొక్కాడు. బొమ్మ ఎక్కడా ఆగకుండా, అద్దంలో చూసినట్టు వచ్చింది. ముందు యాదమ్మ మొహం, ఆ తర్వాత తెల్లగుడ్డలో చుట్టిన పసిగుడ్డు.

"ఆడివిల్ల అన్నా. తల్లి మంచిగున్నది, లోపల్నే ఉన్నది. నువ్వు జెప్పు ఆయనకు, నాకు చేతులు ఖాళీ లేవు" అంది యాదమ్మ. ఒక చేత్తో పాపను ఎత్తుకుని, ఒక చేత్తో ఫోన్ పట్టుకుంది పాపం. అల్లుడితో మాట్లాడే చేతులు రెండూ పనిలో ఉన్నాయి.

నేను నుదుటి మీద వేలితో బొట్టు చూపించాను, ఆడపిల్ల అని. స్వప్న బాగుందని ఎలా చెప్పాలో తెలియక గుండె మీద చెయ్యి పెట్టుకుని తలూపాను. నరేశ్‌కు అర్థమైంది. కళ్లు తుడుచుకున్నాడు. మళ్లీ ఫోన్ చూశాడు. పాప నోరు పెద్దగా తెరిచి ఉంది, పిడికిళ్లు ఊగుతున్నాయి. అతను చాలాసేపు ఆ నోటినే చూశాడు. మెల్లగా అతని మొహంలో భయం కనపడింది.

నా వైపు తిరిగాడు. తన చెవిని ముట్టుకుని కాదన్నట్టు తలూపాడు. నా చెవిని ముట్టుకున్నాడు. పాప నోటిని చూపించి, ఫోన్ తీసి నా చెవికి ఆనించాడు. రెండు చేతులతో పట్టుకున్నాడు, జారిపోతుందేమో అన్నట్టు.

నోరు తెరిచి ఉందని అతనికి కనపడుతోంది. అందులోంచి ఏడుపు వస్తోందో లేదో అతనికెలా తెలుస్తుంది?

పక్కన లారీలు, చాయ్ బండి మీద స్టవ్ హోరు. రెండో చెవి మూసుకున్నాను. వినపడింది. దవాఖానంతా లేచేటట్టు ఏడుస్తోంది ఆ పిల్ల. నేను తలూపాను. అతనికి అది చాలలేదు. బొటనవేలు, చూపుడువేలు మధ్య కొంచెం సందు పెట్టి చూపించాడు. ఇంతేనా? తర్వాత రెండు అరచేతులూ కాస్త దూరంగా పెట్టాడు. ఇంతా?

చాయ్ తాగేవాళ్లంతా మా వైపే చూస్తున్నారు. నేను రోడ్డు పక్కన నిలబడి, రెండు చేతులూ ఎంత చాపగలనో అంత చాపాను.